గహులి తాండా నుంచి ముఖ్యమంత్రి పీఠం దాకా: వసంతరావు నాయక్



మన తాండాల్లో కొన్ని ఇళ్లలో సేవాలాల్ మహరాజ్ పటం పక్కన ఇంకో ఫోటో కనిపిస్తుంది. మంచి కోటు, నున్నగా దువ్విన జుట్టు, చేతిలో పొగ పైపు. చూడగానే ఎవరో పెద్ద దొర అనుకుంటాం. ఎవరని పిల్లలు అడిగితే, మన బంజారా ముఖ్యమంత్రి అని చెప్పి పెద్దవాళ్లు ఊరుకుంటారు. ఏ రాష్ట్రానికి ముఖ్యమంత్రి, ఎన్నేళ్లు చేశారు, మనకేం చేశారు అని ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే జవాబు రాదు. ఆయన వసంతరావు నాయక్. మహారాష్ట్రకు 11 ఏళ్లకు పైగా ముఖ్యమంత్రిగా ఉన్నారు. అంత కాలం ఆ కుర్చీలో కూర్చున్నవారు ఆ రాష్ట్రంలో ఇప్పటికీ ఇంకొకరు లేరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తాండాల పిల్లలకు ఆయన కథ ఎందుకు అంటారేమో. చదవండి, మన ఊళ్లకు ఎన్నిచోట్ల తగులుతుందో మీకే తెలుస్తుంది.

మొదటి ముడి సేవాలాల్ మహరాజ్‌తోనే. ఆయన మన గుత్తి దగ్గర, ఇప్పుడు సేవాగఢ్ అని పిలుచుకునే చోట 1739లో పుట్టారని మన నమ్మకం. ఏటా ఫిబ్రవరి 15న అక్కడికి వెళ్లనివాళ్లు మనలో తక్కువ. ఆయన సమాధి మాత్రం ఎక్కడో ఉత్తరాన, మహారాష్ట్రలోని వాశిం జిల్లా పోహరాదేవిలో ఉంది. వసంతరావు నాయక్ పుట్టింది, పెరిగింది ఆ వైపు నేలమీదే. యవత్‌మాల్ జిల్లా పుసద్ తాలూకాలోని గహులి అనే తాండా ఆయనది.

1913 జూలై 1న పుట్టారు. తండ్రి ఫూల్‌సింగ్ నాయక్, తల్లి హోనూబాయి. తాత చతుర్‌సింగ్ రాఠోడ్ ఎడ్ల బిడారు తిరుగుడు మానుకుని అక్కడ తాండా నిలబెట్టినవారు. రాఠోడ్ అంటే మన భూక్యాలే. అక్కడ రాఠోడ్ అని రాసుకుంటారు, ఇక్కడ భూక్యా అని రాసుకుంటాం, గోత్రం ఒక్కటే. అంటే ఈ వ్యాసం చదివే పిల్లల్లో చాలామందికి ఆయన వరసకు పాలివాడు అవుతారు. నాయక్ అన్నది ఇంటిపేరు కాదు, తాండా పెద్దరికం. మనకు నాయక్, డావ్, కార్భారి ఉన్నట్టే అక్కడా ఉండేవారు. తగాదా వస్తే తీర్పు చెప్పడం, పెళ్లి కుదిరితే ముందు కూర్చోవడం, అధికారులు వస్తే ఎదురు వెళ్లి మాట్లాడటం ఆ ఇంటి పని. పిల్లవాడు రాజకీయం మొదట చూసింది ఆ వాకిట్లోనే అనుకోవచ్చు.

ఆయన పుట్టేనాటికి మన జాతి పరిస్థితి ఏమిటో కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ఈ మనిషి ఎంత దూరం నడిచారో అర్థం కాదు. వందల ఏళ్లు మనవాళ్లు ఎడ్లమీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు. మొగలు సైన్యాలకు తిండి మోసింది మనమే. 1791, 92లో టిప్పు సుల్తాన్ మీదికి కార్న్‌వాలిస్ దండెత్తినప్పుడు ఇంగ్లీషు సైన్యం ఆకలి తీర్చిందీ లంబాడీ బిడారులే. తర్వాత రోడ్లు వచ్చాయి, రైలు వచ్చింది. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు పోయే ఈ రైలు దారి మనందరికీ ఇప్పుడు అన్నం పెట్టే దారే. కానీ ఇలాంటి దారులు పడ్డాకే ఎడ్ల బిడారు పని అయిపోయింది. పది రోజులు ఎడ్లు మోసేది ఒక పూటలో వ్యాగన్ మోసేసింది. పని పోయిన జాతిమీద ప్రభుత్వానికి అనుమానం మొదలైంది. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. దేశంలో చాలాచోట్ల లంబాడీల పేరు ఆ జాబితాలో ఎక్కింది. మన వైపు ఎరుకల సోదరులు ఆ చట్టం కింద పడ్డ పాట్లు ఇంకా ఘోరం. పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే దొంగ అని రాసుకున్న చట్టం అది. స్వాతంత్ర్యం వచ్చాక అనంతశయనం అయ్యంగార్ కమిటీ ఆ చట్టాన్ని ఎత్తేయమని చెప్పింది. 1952 ఆగస్టులో ఎత్తేశారు. ఆ ఏడాది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

గహులిలో పెద్ద చదువు లేదు. ప్రాథమిక చదువు చుట్టుపక్కల ఊళ్లు మారుతూ సాగింది. తర్వాత మహారాష్ట్ర అమరావతిలో, నాగపూర్‌లో. నాగపూర్ నీల్ సిటీ హైస్కూల్, ఆ తర్వాత మోరిస్ కాలేజీ. 1938లో బి.ఏ., 1940లో లా డిగ్రీ. ఆ రోజుల్లో తాండా నుంచి వెళ్లి నల్లకోటు వేసుకోవడమంటే ఏమిటో, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న మీలో కొందరికి నేను చెప్పక్కర్లేదు.

పేర్లు గమనించండి. తాత చతుర్‌సింగ్, తండ్రి ఫూల్‌సింగ్, అన్న రాజుసింగ్. ఈయన మాత్రం లోకానికి వసంతరావు. సింగ్ పోయి రావు వచ్చింది. తాండా దాటి మరాఠీ లోకంలోకి అడుగుపెట్టాక ఆ లోకం తీరులోనే నడిచారు, వాళ్లకంటే బాగా నడిచారు. మన పిల్లలు హిందూపురం కాలేజీలో చేరగానే గోర్ బోలి మాట్లాడటానికి సిగ్గుపడటం చూసినప్పుడల్లా నాకు ఈ పేర్ల వరస గుర్తొస్తుంది. ఆయన్ను తప్పు పట్టడం లేదు. ఆ కాలంలో గెలవడానికి ఏమేమి వదిలి రావాలో అది ఆయన లెక్క.

1941లో రెండు పనులు జరిగాయి. అమరావతిలో డాక్టర్ పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ దగ్గర వకీలుగా చేరారు. ఈ దేశ్‌ముఖ్ రైతు నాయకుడు, తర్వాత నెహ్రూ మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి అయ్యారు. రైతు గురించి, సహకార సంఘాల గురించి నాయక్ గారికి మొదటి పాఠాలు అక్కడే అందాయి. రెండోది పెళ్లి. నాగపూర్‌కు చెందిన వత్సలా ఘాటే అనే బ్రాహ్మణ అమ్మాయిని చేసుకున్నారు. 1941లో, తాండా నాయక్ ఇంటి కొడుకు, బ్రాహ్మణ ఇంటి ఆడపిల్ల. అటూ ఇటూ గొడవే. నాయక్ ఇంట్లోనే కట్టుబాటు తప్పితే ఇంక తాండాలో తీర్పు ఎవరు చెప్పాలి? ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. వత్సలాబాయి చివరిదాకా ఆయన ప్రజా జీవితంలో తోడు నడిచారు.

తర్వాత పుసద్‌కు వచ్చి సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. కోర్టుకు వచ్చేవాళ్లలో రైతులు, తాండా మనుషులు, షావుకారు కాగితంమీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నవాళ్లు. 1946లో పుసద్ మునిసిపాలిటీ అధ్యక్షుడయ్యారు. అక్కడి నుంచి కాంగ్రెస్‌లో ఒక్కో మెట్టు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో పుసద్ నుంచి శాసనసభకు గెలిచారు. అప్పటికి విదర్భ మధ్యప్రదేశ్‌లో ఉండేది. రవిశంకర్ శుక్లా ప్రభుత్వంలో రెవెన్యూ ఉపమంత్రి పదవి ఇచ్చారు. నేరస్థ జాతుల చట్టాన్ని ఎత్తేసిందీ ఆ ఏడాదే. నిన్నటిదాకా ఎన్నో తాండాల మనుషులు పోలీసు హాజరు వేయించుకోవాల్సిన దేశంలో, ఒక తాండా మనిషి భూమి పన్ను శాఖలో మంత్రి అయ్యారు.

1956లో రాష్ట్రాలు మళ్లీ గీసినప్పుడు విదర్భ బొంబాయి రాష్ట్రంలో కలిసింది. నాయక్ గారూ బొంబాయి వెళ్లారు. సహకార శాఖ, తర్వాత వ్యవసాయం, 1960లో మహారాష్ట్ర ఏర్పడ్డాక రెవెన్యూ. ముఖ్యమంత్రి యశ్వంత్‌రావు చవాన్‌కు ఆయనమీద నమ్మకం. పంచాయతీ రాజ్ ఎలా ఉండాలో చెప్పమని 1960లో ఒక కమిటీ వేసి నాయక్ గారిని అధ్యక్షుణ్ణి చేశారు. ఇది చాలామంది దాటేసే సంగతి, కానీ ఆయన చేసిన వాటిలో గట్టిగా నిలిచింది ఇదే అని నా అభిప్రాయం. మన ఆంధ్రప్రదేశ్ 1959లోనే పంచాయతీ రాజ్ మొదలుపెట్టింది, అసలు బలం సమితికి ఇచ్చింది. నాయక్ కమిటీ వేరే దారి పట్టింది. బ్లాకు చిన్నది, పెద్ద పనులు మోయలేదు, కాబట్టి బలం జిల్లా పరిషత్తుకే ఇవ్వాలని చెప్పింది. బడులు, రోడ్లు, ఆసుపత్రులు, వ్యవసాయ శాఖ పనులు ఎన్నికైన జిల్లా పరిషత్తు చేతికి పోయాయి. 1962 మే 1 నుంచి అమలైంది. ఆ రాష్ట్రంలో తర్వాత వచ్చిన నాయకులు ఎందరో జిల్లా పరిషత్తుల్లో తయారైనవారే.

1962 చివర్లో చైనా యుద్ధం వచ్చి చవాన్ రక్షణ మంత్రిగా ఢిల్లీ వెళ్లారు. ఆయన తర్వాత ముఖ్యమంత్రి అయిన మారోత్‌రావ్ కన్నంవార్ ఏడాదికే, 1963 నవంబరులో, పదవిలో ఉండగానే చనిపోయారు. డిసెంబర్ 5న వసంతరావు నాయక్ ప్రమాణం చేశారు.

ఆయనే ఎందుకు? ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మహారాష్ట్రలో కుర్చీకి పోటీ పడేది మరాఠా నాయకులు. వాళ్లలో ఒకరిని పెడితే ఇంకొకరు ఒప్పుకోరు. నాయక్ గారి జాతి చిన్నది, చెదిరి ఉన్నది. ఆ ఓట్లతో ఎవర్నీ ఓడించలేరు, ఎవర్నీ బెదిరించలేరు. మెత్తగా మాట్లాడే మనిషి, అందరితో కలుపుగోలు. చవాన్ వెనక ఉన్నారు. అందుకే అందరికీ సరిపోయారు. చిన్న జాతిలో పుట్టడమే ఆయన్ను పైకి తెచ్చింది. కొన్నాళ్లు ఉండి పోతాడులే అనుకున్నవాళ్లు ఉండొచ్చు. ఆయన 1967లో, 1972లో రెండు ఎన్నికలు గెలిపించి పాతుకుపోయారు. కానీ చిన్న జాతివాడు కాబట్టే ఇచ్చిన కుర్చీకి ఒక షరతు ఉంటుంది. పైకి ఎవరూ చెప్పరు. కూర్చున్నాక నీ జాతి పేరు ఎక్కువగా ఎత్తకూడదు. ఈ షరతు ఆయన ఎంతవరకు పాటించారో, దానికి మనం ఏం పోగొట్టుకున్నామో తర్వాత చెబుతాను.

ముందు తిండి సంగతి. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, వరసగా వానలు లేవు, అమెరికా గోధుమ ఓడలమీద దేశం బతుకుతోంది. మహారాష్ట్ర తిండి గింజలకు ఎప్పుడూ పక్క రాష్ట్రాలమీద ఆధారపడేది. అప్పుడు పూణేలో బహిరంగ సభలో నాయక్ గారు ఒక మాట ఇచ్చారు. రెండేళ్లలో రాష్ట్రం తన తిండి తాను పండించుకోలేకపోతే తనను ఉరి తీయవచ్చని. ముఖ్యమంత్రి అనేవాడు సభలో అనే మాట కాదది. కానీ అన్నాక రాత్రింబవళ్లు దానివెంటే పడ్డారు. హైబ్రిడ్ జొన్న విత్తనం ఊరూరా పంచారు. బావులకు కరెంటు మోటార్లు, సహకార సంఘాల అప్పులు, చెక్కర మిల్లులు. జాయక్‌వాడి లాంటి పెద్ద ఆనకట్టలు మొదలయ్యాయి. రాహురి, అకోలా, పర్భణి, దాపోలి అని ఒక్కో ప్రాంతానికి ఒక్కో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది, నాలుగూ 1968 నుంచి 1972 మధ్యలోనే. మన రాయలసీమ మనిషి ఆ నాలుగు పేర్లు విని కాస్త అసూయపడితే తప్పులేదు. అధికారులతో మీటింగులకంటే చేలగట్టుమీద నిలబడి రైతుతో మాట్లాడటం ఆయనకు ఇష్టమని ఆ రాష్ట్రంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాట నిలబడిందా? కొన్నేళ్లు దిగుబడి పెరిగింది. తర్వాత ఆకాశం ఎదురు తిరిగింది. 1970 నుంచి వానలు తగ్గుతూ వచ్చి 1972లో పూర్తిగా చేతులెత్తేశాయి. జొన్న ఎండిపోయింది, పశువులు చచ్చాయి. అమెరికా నుంచి దిగిన ఎర్ర మైలో జొన్న తిని బతికారు జనం. ఆ వయసు మరాఠీ వాళ్లకు ఆ ఎర్ర జొన్న పేరు చెబితే ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. హైబ్రిడ్ విత్తనం వానను తేలేదు. రెండేళ్లలో సాధిస్తానన్న మనిషి ఏడేళ్ల తర్వాత కరువు ముఖ్యమంత్రిగా నిలబడ్డారు.

ఆయన గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. ఉచితంగా గంజి పోయడం కాకుండా పని పెట్టారు. చెరువులు, ఊట కుంటలు, గట్లు, రోడ్లు. 1973 వేసవిలో ఒక దశలో దాదాపు 50 లక్షల మంది ప్రభుత్వ పనుల్లో ఉన్నారు. పనిదగ్గర పిల్లలకు సుకడి అనే పిండి పెట్టేవారు. అంత కరువులోనూ పెద్ద ఎత్తున ఆకలి చావులు రాకుండా ఆపగలగడాన్ని తర్వాత ఆర్థికవేత్తలు దేశదేశాల్లో ఉదాహరణగా చూపించారు. లోపాలు లేకపోలేదు. చాలాచోట్ల కంకర కొట్టించడమే పని అయింది, కొట్టిన కంకర గుట్టలుగా పడి ఉండిపోయింది. కూలి ఆలస్యం, మేస్త్రీల చేతివాటం. కరువు పనులు చూసిన అనంతపురం మనుషులకు ఇవేవీ కొత్త కాదు.

ఈ పనుల వెనక ఒక ఆలోచన ఉంది. అది నాయక్ గారిది కాదు. విధాన పరిషత్తు అధ్యక్షుడు వి.ఎస్.పాగే అనే గాంధేయవాదిది. సాంగ్లీ జిల్లా తాస్‌గావ్ తాలూకాలో 1965లోనే చిన్నగా మొదలుపెట్టి చూశారు. ఊళ్లో పని కావాలన్నవాడికి పని ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అన్నదే ఆలోచన. 1972లో దాన్ని రాష్ట్రమంతటికీ ఉపాధి హామీ పథకంగా మార్చింది నాయక్ ప్రభుత్వం. డబ్బు కోసం పట్టణాల్లో ఉద్యోగులమీద, వ్యాపారులమీద వృత్తి పన్ను వేశారు. ఊరి కూలీకి బొంబాయి జీతగాడి జేబులోంచి కూలి. ఇలాంటి ఆలోచన ఎవరిదైనా కావొచ్చు, దానికి సంతకం పెట్టి ఖజానా తెరిచే చేయి ఉండాలి. ఆ చేయి తాండా చేయి కావడం ఊరికే జరిగిందని నేను అనుకోను. కూలికి ఊరు విడిచి పోవడం అంటే ఏమిటో గహులిలో ఎవరూ పుస్తకంలో చదివి తెలుసుకోనక్కర్లేదు.

ఇక ఆయన మీద ఉన్న మాటలు. పండగ సంచికలో ఇవి ఎందుకంటారేమో, కానీ పొగడ్త ఒక్కటే చదివితే మనిషి అర్థం కాడు. 1966లో బొంబాయిలో శివసేన పుట్టింది. దక్షిణాది వాళ్ల దుకాణాలమీద, హోటళ్లమీద దాడులు చేసింది. మిల్లు కార్మికుల్లో కమ్యూనిస్టులు బలంగా ఉండేవారు. వాళ్లను దెబ్బతీయడానికి నాయక్ ప్రభుత్వం శివసేనను చూసీచూడనట్టు వదిలేసిందని విమర్శ. ప్రత్యర్థులు దానికి వసంత్ సేన అని వెక్కిరింపు పేరు పెట్టారు. ఆ విమర్శలో నిజం ఉందనే నాకు అనిపిస్తుంది. జాతి పేరు చెప్పి మనిషిని కొట్టడం ఎంత చేటో తెలిసిన ఇంట్లో పుట్టినవారు ఇంకా గట్టిగా నిలబడాల్సింది. 1970లో సిడ్కో అనే సంస్థ పెట్టి నవీ ముంబైకి పునాది వేశారు. గొప్ప నగరం వచ్చింది, నిజమే. దానికింద భూములు పోయిన ఆగ్రి, కోలీ జనం తగిన పరిహారం కోసం చాలా ఏళ్లు కొట్లాడాల్సి వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. రామ్‌సింగ్ భానావత్ లాంటి పెద్దలతో కలిసి అఖిల భారత బంజారా సేవా సంఘాన్ని నిలబెట్టడంలో నాయక్ గారి పాత్ర పెద్దది. రాష్ట్రాలు దాటి చెదిరిపోయిన మన జాతి ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం, పిల్లల్ని బడికి పంపాలని, సారా మానాలని తీర్మానాలు చేసుకోవడం ఆ కాలంలో బలపడింది. ముఖ్యమంత్రి స్వయంగా బంజారా కావడంతో రాజస్థాన్ నుంచి మన సీమ దాకా తాండాల్లో తల పైకెత్తి నడిచారు. అది చిన్న సంగతి కాదు.

కానీ కాగితం మాటేమిటి? ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలకు, లంబాడీలకు 1956లోనే షెడ్యూల్డ్ తెగ గుర్తింపు వచ్చింది. తెలంగాణ లంబాడీలకు 1976 చట్టంతో వచ్చింది. కర్ణాటకలో లంబాణీలు షెడ్యూల్డ్ కులం. మన ముఖ్యమంత్రి ఏలిన మహారాష్ట్రలో బంజారాలు అటూ కాదు, ఇటూ కాదు. విముక్త జాతులు అని రాష్ట్రం పెట్టుకున్న వేరే జాబితాలో ఉన్నారు, 3 శాతం రిజర్వేషన్‌తో. కేంద్రం లెక్కలో ఓబీసీ. హిందూపురం వాళ్లకు దీని విచిత్రం బాగా తెలుసు. సరిహద్దు అవతల పావగడ వైపు తాండాలో మేనమామ ఎస్సీ, ఇవతల మేనల్లుడు ఎస్టీ. అదే ఇంటి ఆడపిల్లను యవత్‌మాల్ ఇస్తే ఆమె పిల్లలు మూడోది. పాట ఒకటే, తీజ్ ఒకటే, సేవాభాయా ఒక్కడే, సర్టిఫికెట్లు మూడు.

11 ఏళ్లు కుర్చీలో ఉండి తన జాతికి షెడ్యూల్డ్ తెగ హోదా తేలేకపోయారని ఆ రాష్ట్రం బంజారాల్లో నొచ్చుకునేవాళ్లు ఉన్నారు. ఆ జాబితా మార్చడం ముఖ్యమంత్రి చేతిలో లేదు, పార్లమెంటు చేయాలి. అది నిజం. గట్టిగా అడిగితే ఢిల్లీ వినేదేమో, అదీ నిజం. అడిగితే మరుసటి రోజు నుంచి ఆయన అందరి ముఖ్యమంత్రి కాకుండా బంజారా ముఖ్యమంత్రి అయిపోయేవారు. కుర్చీ షరతు అని ముందు చెప్పింది ఇదే. ఆయన జాతి పేరుతో కాకుండా రైతు పేరుతో, కూలీ పేరుతో పని చేశారు. తాండాలో రైతులూ కూలీలే ఉన్నారు కాబట్టి అది తాండాకూ చేరింది. కానీ కాలేజీ సీటుకూ ఉద్యోగానికీ కావలసిన కాగితం చేరలేదు. ఆ కాగితం లేకపోవడం వల్ల తర్వాతి ఏళ్లలో అక్కడి కుటుంబాలు కొన్ని ఆదిలాబాద్ వైపు వచ్చాయి. దానివల్ల గోండు సోదరులకు, మనవాళ్లకు మధ్య ఇప్పటికీ తీరని తగాదా ఉంది. గోండుల బాధ అబద్ధం కాదు. ఈ ముడి విప్పడం మీ తరం మీద పడింది.

1975 ఫిబ్రవరిలో ఢిల్లీ ఆయన్ను దిగమంది. ఇందిరా గాంధీకి ముఖ్యమంత్రులు ఎక్కువ కాలం పాతుకుపోవడం నచ్చని రోజులు. 20వ తేదీన శంకర్‌రావ్ చవాన్‌కు కుర్చీ అప్పగించారు. పెద్ద గొడవ చేయలేదు, పార్టీ చీల్చలేదు. 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్‌ను తుడిచిపెట్టిన ఎన్నికల్లో వాశిం నుంచి లోక్‌సభకు గెలిచారు. సేవాలాల్ సమాధి ఉన్న సీమ ఆయన్ను వదల్లేదు. 1979 ఆగస్టు 18న సింగపూర్‌లో చనిపోయారు. వయసు 66. ఇంకో నాలుగు రోజులకు ఆ లోక్‌సభే రద్దయింది.

ఆయన పోయాక అన్న రాజుసింగ్ కొడుకు సుధాకర్‌రావ్ నాయక్ 1991లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఒకే తాండా ఇంటి నుంచి ఇద్దరు. పర్భణి వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 2013లో, శత జయంతి ఏట, వసంతరావు నాయక్ పేరు పెట్టారు. జూలై 1ని ఆ రాష్ట్రం కృషి దినంగా జరుపుకుంటుంది.

ఇంకొక్కటి ఉంది. ఆయన మొదలుపెట్టిన ఉపాధి హామీకి మహారాష్ట్ర శాసనసభ 1977లో చట్టం చేసింది. 1979 జనవరి 26 నుంచి అమలైంది. ఆయన చనిపోవడానికి ఏడు నెలల ముందు. ఢిల్లీ దాన్ని నమూనాగా తీసుకోవడానికి ఇంకో పాతికేళ్లు పైన పట్టింది. 2005లో దేశమంతటికీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేశారు. దాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది ఢిల్లీలో కాదు, ముంబైలో కాదు. మన ధర్మవరానికి ఉత్తరాన, నార్పల మండలం బండ్లపల్లిలో. బెంగళూరుకు బేల్దారి పనికి పోకుండా వేసవిలో తాండాలోనే ఉండి గట్లు వేసిన మీ అమ్మానాన్నల జాబ్ కార్డు ఇంట్లో ఎక్కడో ఉంటుంది, తీసి చూడండి. గోడమీది ఫోటోలో పైపు పట్టుకున్న పెద్దాయనకు, ఆ కార్డుకు ఉన్న చుట్టరికం ఇదీ.